మూడో కేక

బందరు కాలువ మీద పడవ నడిపినవాళ్ళని ఎవరినైనా అడగండి — కొంగలపాడు లాకుల పేరెత్తగానే గొంతు తగ్గిస్తారు. పగలు చూస్తే అక్కడ ఏమీ ఉండదు. రెండు జతల పెద్ద తలుపులు, వాటి మధ్య ఒక పడవ పట్టేంత రాతితొట్టి, అవతలి గట్టున లాకు తీసే లస్కరు కోసం సర్కారువాళ్ళు కట్టించిన పెంకుటిల్లు, ఇంటిముందు పొట్లపాదు. అంతే.

పొద్దు గూకిందా... పడవలన్నీ ఇవతలే కట్టేసుకునేవి.

ఎప్పుడో పాతకాలంలో ఒక పడవవాడు వానరాత్రి అక్కడికొచ్చి, తలుపులు తియ్యమని కేకేశాట్ట. "లాకోయ్..." అని ఒకసారి. లోపల లస్కరు అటు తిరిగి పడుకున్నాడు. "లాకోయ్..." అని రెండోసారి. మూడోసారి నోరు తెరవబోతూ గట్టు జారి తొట్టిలో పడ్డాడు. ఆ మూడో కేక గొంతులోనే ఉండిపోయింది.

అప్పట్నించీ రాత్రిళ్ళు అక్కడ కేక వినిపిస్తుందన్నారు. సరిగ్గా రెండుసార్లు. అంచేత లాకు లస్కరు రెండు కేకలకి చచ్చినా పలకడు. రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలక్కూడదని మన ఇళ్ళలో ముసలమ్మలు చెప్పేదే కదా. మూడు వినిపిస్తేనే మనిషి అనుకుని లేస్తాడు. కానీ మూడో కేక దానిది. అక్కడ నిలబడి మూడోసారి నోరు తెరిచినవాడి గొంతులోంచి దాని కేక వస్తుంది. తలుపులు తెరుచుకోగానే అది కూడా పడవెక్కుతుంది...

ఇక చూసుకోండి. మూడు కేకలు వినిపిస్తే తప్ప లస్కరు లేవడు. మూడో కేక వేసే మొనగాడు బందరు నించి బెజవాడ దాకా లేడు. పదేళ్ళపాటు ఆ లాకులు రాత్రిపూట తెరుచుకోనే లేదు.

తెరుచుకున్నది ఒక్క రాత్రి. ఆ రాత్రి పడవలో ఉన్నది మా శోభనాద్రి మావయ్య. సొంత మేనమామ కాదు లెండి, నందివాడలో మా వీధి మావయ్య. బందరులో ఒక నాటక సమాజంలో ముప్పై ఏళ్ళుగా హార్మోనియం వాయించేవాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు, పొలం ఎప్పుడో కరిగిపోయింది. ఆయనకంటూ మిగిలింది స్టేజీ పక్కన వేసే ఆ హార్మోనియం పీట ఒక్కటే. ఆయన చెప్పినదే నేను మీకు చెబుతున్నాను.

అరవైరెండు మాఘమాసం. అంతకు నెల ముందే మావయ్య మద్రాసు వెళ్ళి, ఒక మెకానిక్ దగ్గర కరెంటు హార్మోనియం ఒకటి తెచ్చుకున్నాడు. దానికి తిత్తి లేదు, ఊదక్కర్లేదు. మూడు స్థాయిల మెట్లు, లోపల రేడియోలో ఉండేలాంటి బల్బులు, పక్కన గుండ్రంగా తిరిగే టేపు, మైకు తగిలించుకోడానికి ఒక కన్నం. మైకుసెట్టు బ్యాటరీల మీద ఆడుతుంది. ముందు భాగాన మూడు నాబులు, వాటికింద ఇంగ్లీషులో ఏవో పేర్లు. మావయ్యకి ఇంగ్లీషు రాదు. ఒక్కో నాబూ తిప్పి, చెవి పెట్టి విని, అది చేసే పనేమిటో తెలుసుకుని, దెబ్బలకి అంటించే ప్లాస్టరు ముక్కల మీద తెలుగులో రాసి అంటించాడు. వణుకు. మందం. మారు.

వణుకు తిప్పితే స్వరం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. మందం తిప్పితే పలచటి స్వరం గంజి పెట్టినట్టు బిగుస్తుంది. మారు తిప్పితే విన్నదాన్ని మళ్ళీ అంటుంది. ఎన్నిసార్లు అంటుందో, ఎంత గట్టిగా అంటుందో తిప్పినదాన్ని బట్టి ఉంటుంది. ఆ మూడోదే మావయ్యకి ఇంకా పూర్తిగా చేతికి రాలేదు.

ఆ పెట్టె అంటే సమాజంలో భీముడి వేషం కట్టే పూర్ణచంద్రరావుగారికి గిట్టేది కాదు. గద భుజాన వేసుకుని ఆయన ఒక్క అరుపు అరిస్తే ముందు వరసలో పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు. నా పద్యం నాకే వెనకనించి వినపడుతుంటే ఎవడో వెక్కిరిస్తున్నట్టుందయ్యా అని ఆయన గోల. సమాజం ఆయన పేరు మీదే నడిచేది కాబట్టి ఆయన గోల అందరూ వినాల్సిందే.

ఆ రోజు పామిడిముక్కల దగ్గర ఒక ఊళ్ళో నాటకం. రాత్రి పదింటికి తెర లేవాలి. తెరలూ కిరీటాలూ గదలూ మనుషులూ అందరూ మధ్యాహ్నమే పడవలోకి చేరారు. మావయ్య బ్యాటరీలు మాత్రం చార్జింగు కొట్టులోనే ఉన్నాయి. అవి వచ్చేసరికి పడవ మూడు గంటలు ఆలస్యంగా కదిలింది. చీకటి పడేలోగా దాటాల్సిన కొంగలపాడు లాకులకి తొమ్మిదింటికి చేరింది.

తలుపులు మూసి ఉన్నాయి. మంచు దిగుతోంది. అవతలి గట్టున లస్కరు ఇంటి కిటికీలో చిన్న దీపం.

పూర్ణచంద్రరావుగారు మావయ్య పక్కన వచ్చి కూర్చున్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది, నెమ్మదిగా అన్నాడట.

"ఈ రాత్రి తెర లేవకపోతే ఆ పీట మీద మీరు ఇక కూర్చోరు శోభనాద్రిగారూ. గుడివాడలో హార్మోనియం వాయించే ఆయనకి కబురు పెట్టే ఉంచాను."

మావయ్య ఏమంటాడు, తప్పు తనదే. ఆ ఊరి కరణంగారి దొడ్లో ఈపాటికి జనం చాపలు పరుచుకుని ఉంటారు. పది దాటితే రాళ్ళు పడతాయి. ముప్పై ఏళ్ళ పీట ఒక మూసిన తలుపు ముందు పోతోందనుకుంటే ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

పడవ నడిపే చిన్నారావు గెడ పక్కన పెట్టి, తలపాగా విప్పి, దండం పెట్టి మరీ కేకేశాడు.

"లాకోయ్..."

ఏమీ లేదు.

"లాకోయ్..."

అవతల కిటికీలో దీపం ఆరిపోయింది.

చిన్నారావు ఆ విప్పిన తలగుడ్డే నోట్లో కుక్కుకున్నాడు, పొరపాటున మూడోది వచ్చేస్తుందేమోనని. గట్టు మీద నడుస్తూ పడవకి తాడు లాగే ఇద్దరూ అప్పటికే పడవలోకెక్కి ముసుగుతన్నారు. మీ గొంతు పది ఊళ్ళకి వినపడుతుంది, ఆ ఒక్కటీ మీరు వెయ్యండి బాబూ అని ఎవరో పూర్ణచంద్రరావుగారిని అడిగారు. రాత్రంతా పద్యాలు పాడాల్సిన గొంతు, మంచులో పాడుచేసుకోనన్నాడు భీముడు. దిగి నడిచి వెళ్ళి లస్కరు తలుపు కొడదామన్న మాట కూడా వచ్చింది. అలా వెళ్ళాలంటే ఆ తొట్టి మీద వేసిన చెక్క మీంచే నడవాలి. ఆ మాట వచ్చిన దారినే పోయింది.

అప్పుడు పడింది మావయ్య చూపు పెట్టె మీద.

మూడో కేక మనిషి వేస్తే కదా ప్రమాదం అన్నాడాయన. నేను ఒక్కసారే అంటాను, మిగతా రెండూ పెట్టె అంటుంది. దానికి నోరుందా, గొంతుందా, ప్రాణముందా... అది పట్టుకోడానికి అక్కడ ఏముంది?

పడవలో అందరూ ఆలోచించారు. న్యాయంగానే ఉందనిపించింది. చిన్నారావు తలగుడ్డ కాస్త ఇవతలకి లాగి, తన రెండు కేకలూ ఇందులో కలుస్తాయా కలవవా అని అడిగాడు. దాని మీద కాసేపు వాదన నడిచింది. దీపం ఆరిపోయింది కాబట్టి లెక్క మళ్ళీ మొదటికొచ్చినట్టేనని తేల్చారు. పూర్ణచంద్రరావుగారు మాత్రం, పట్టుకుంటే పెట్టెనే పట్టుకుంటుందిలెండి, మంచిదే అన్నాడట.

మైకుసెట్టు గొట్టం లస్కరు ఇంటివైపు తిప్పారు. బ్యాటరీ తీగ తగిలించారు. టేపు తిరగడం మొదలైంది — కిర్రు... కిర్రు... మావయ్య మారు నాబు కొద్దిగా తిప్పి, మైకు నోటి దగ్గర పెట్టుకుని అన్నాడు.

"లాకోయ్..."

ఆయన గొంతు గట్టు దాటింది. కానీ అది ఆయన గొంతు కాదు. మొన్నటి ఆటలో ద్రౌపది పద్యానికి పెట్టుకున్న వణుకు నాబు అలాగే ఉండిపోయింది. పాతికేళ్ళుగా నీళ్ళలో నానినవాడు పిలిచినట్టుంది ఆ పిలుపు. వెనకాలే పెట్టె ఇంకోసారి అంది — "లాకో...ఓ...ఓయ్..."

అంతే. ఆగిపోయింది. సరిగ్గా రెండు!

కప్పలు నోరు మూసుకున్నాయి. లస్కరు ఇంటి దగ్గర కుక్క సన్నగా మూలిగింది. ఆ ఇంట్లోంచి గడియ మీద ఇంకో గడియ పెట్టిన చప్పుడు కూడా వినపడిందట.

మావయ్య వణుకు పూర్తిగా తగ్గించాడు. మందం కొంచెం పెంచాడు. మారు ఇంకాస్త తిప్పాడు. మళ్ళీ అన్నాడు. ఈసారి మూడొచ్చాయి, కానీ మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా, మూడోది పడవ అంచు కూడా దాటలేదు. లస్కరు చెవికి చేరినవి మళ్ళీ రెండే.

"మూడోది కూడా మొదటిదంత ఉండాలి," అని మావయ్య తనలో తాను అనుకున్నాడు. తొమ్మిదింబావు. చెయ్యి చెమటపట్టి జారుతోంది. నాబు పట్టుకుని ఇంకొంచెం... ఇంకొంచెం...

"లాకోయ్..."

ఒకటి. రెండు... మూడు! మూడూ ఒకే గట్టి. పడవలో ఎవరో హమ్మయ్య అన్నారు.

నాలుగు.

అయిదు... ఆరు...

ఆ నాబుకి ఒక గీత ఉంటుందట. గీతకి ఇవతల ఉంటే మాట తగ్గుతూ పోతుంది. గీత దాటిందా, తగ్గదు సరికదా, తన మాట తనే విని ఇంకా గట్టిగా అంటుంది. అది విని ఇంకా గట్టిగా. ఇందాక అన్న హమ్మయ్య కూడా అందులో పడింది. పన్నెండోసారి నించీ అది పిలుపులా లేదు, ఏనుగుని సన్నటి గొట్టంలో పెట్టి ఊదినట్టుంది. రాతితొట్టి దాన్ని అందుకుంది. నిద్రపోతున్న కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.

మావయ్య నాబు వెనక్కి తిప్పబోయాడు. అది ఊడి చేతిలోకొచ్చింది.

తాడు లాగేవాళ్ళిద్దరూ కాలవలోకి దూకారు. భీముడు అరణ్యం తెర కింద దూరాడు. మావయ్య చీకట్లో తడుముకుని తడుముకుని, బ్యాటరీ తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

నిశ్శబ్దం.

అవతల తలుపు గడియలు ఒకటి తరవాత ఒకటి తీసిన చప్పుడు. లాంతరు పట్టుకుని లస్కరు అంకమ్మరావు పరిగెత్తుకొచ్చాడు. రెండు కేకలైతే పడుకోవచ్చు, మూడైతే లేవాలి. ముప్పై అయితే ఏం చెయ్యాలో ఏ రూల్లోనూ లేదు పాపం. పడవ ఎవరిదని అడగలేదు. పడవ వంక చూడనైనా లేదు. కింది తలుపులు తీసి, మొహం అటు తిప్పుకుని, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

పడవ తొట్టిలోకి వెళ్ళింది. కింది తలుపులు మూసుకున్నాయి. పైనించి నీళ్ళు నిండి పడవ లేచేదాకా పావుగంట ఆగాలి. రెండువైపులా నిలువెత్తు తడిరాళ్ళు. పైన చిన్న ముక్క ఆకాశం. మావయ్య ఒళ్ళో పెట్టె, ఎడంచేతిలో ఊడిన నాబు, కుడిచేతిలో లాగేసిన తీగ.

అప్పుడు వినపడింది. ఎగువ తలుపుల వెనకనించి... సన్నగా...

"లాకోయ్..."

మావయ్య తీగ వంక చూసుకున్నాడు. చేతిలోనే ఉంది.

"లాకోయ్..."

గట్టు మీద లాంతరు కింద పడి పగిలింది. చిన్నారావు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాసేపు నీళ్ళు నిండే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అయిపోయిందనుకున్నారు.

"లాకోయ్."

మూడోది.

రాతిగోడలు మళ్ళీ అన్నాయనుకోవచ్చు. కానీ మళ్ళీ అన్నది తగ్గుతూ వస్తుంది, ఆ సంగతి నెలరోజులుగా నాబులు తిప్పిన మావయ్యకి తెలిసినంత ఎవరికీ తెలియదు. మొదటి రెండూ సన్నగా, దూరంగా ఉన్నాయి. మూడోది గట్టిగా ఉంది. దగ్గరగా ఉంది. సాగదీత కూడా లేదు, ఎన్నాళ్ళనించో మోస్తున్న బరువు దించినవాడు అన్నట్టుందట.

పదింటికి అయిదు నిమిషాలుండగా పడవ ఊరు చేరింది. తెర లేచింది. ఆ రాత్రి భీముడి గొంతు మొదటి పద్యంనించి చివరిదాకా వణికింది. కోపంతో వణుకుతున్నాడనుకుని జనం ప్రతి పద్యానికీ వన్స్ మోర్ కొట్టారు. పాత హార్మోనియం కూడా పడవలో ఉంది కాబట్టి మావయ్య దాని మీదే తెల్లారేదాకా వాయించాడు. పొద్దున్న పూర్ణచంద్రరావుగారు గుడివాడ ఆయన్ని రావద్దని కబురు పంపించాడు. తిరుగు ప్రయాణం మాత్రం ఆయన బస్సులో చేశాడు.

ఇదీ మావయ్య చెప్పిన కథ. నేను సగం నమ్మి సగం నవ్వుకునేవాణ్ణి. మొన్న అరవైతొమ్మిదిలో పనిమీద అటు వెళ్తూ, పట్టపగలే లెండి, కొంగలపాడు లాకుల దగ్గర ఆగాను. అంకమ్మరావుకి కాళ్ళ నొప్పులు, అరుగు మీద కునికిపాట్లు పడుతున్నాడు. ఆయన భార్య రాఘవమ్మ మజ్జిగిచ్చింది. ఫలానా శోభనాద్రిగారి తాలూకు అని చెప్పగానే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి వంక ఒకసారి చూసి, నన్ను పొట్లపందిరి కిందకి పిలిచి మెల్లగా చెప్పింది.

పడవవాడూ లేడట, పడిందీ లేదట. ఇక్కడికి బదిలీ అయిన కొత్తలో, అర్ధరాత్రి లేచి తలుపులు తియ్యలేక అంకమ్మరావే ఆ కథ అల్లి పడవలవాళ్ళకి ఒక్కొక్కరికీ చెప్పాడు. రెండు కేకల రూలూ ఆయనదే, మూడో కేక రూలూ ఆయనదే. దీపం ఆర్పడం కూడా అందులో భాగమే.

"పెళ్ళైన కొత్తలో చెప్పాడు నాయనా, లాకుల దగ్గర రాత్రంతా పడవలు పోతాయి, పడవలవాళ్ళు పాటలు పాడతారు అని. ఆ మాటకే ఒప్పుకుని వచ్చాను. పదేళ్ళు ఈయన గురక తప్ప ఇంకోటి వినలేదు."

ఆ రాత్రి గొట్టంలోంచి మొదటి కేక రాగానే అది నాటకాలవాళ్ళ మైకని ఆవిడకి తెలిసిపోయింది. బందరులో పుట్టిన మనిషి, మైకు ఎరగదా. తెల్లారితే ఈయనకీ తెలుస్తుంది, మళ్ళీ ముసుగుతన్ని పడుకుంటాడు. అందుకని మొగుడు లాంతరుతో పరిగెత్తగానే వెనకదారిన వెళ్ళి ఎగువ తలుపుల వెనక కూర్చుని తనే కేకేసింది. అప్పట్నించీ అంకమ్మరావు మొదటి కేక పూర్తవకుండానే లేచి కూర్చుంటున్నాడు. రాత్రంతా పడవలు పోతున్నాయి. ఆవిడ పాటలు వింటోంది.

నేను కడుపుబ్బ నవ్వాను. మావయ్య పరువు తియ్యడానికి ఇది చాలనుకుంటూ, ఊరికే అడిగాను, మూడుసార్లు వెయ్యడానికి భయం వెయ్యలేదా అత్తా అని.

"మూడా?" అంది రాఘవమ్మ. "నేను రెండే వేశాను నాయనా. మూడోదానికి నోరు రాలేదు. ఈయన అల్లిన కథేనని తెలుసు... అయినా రాలేదు. ఎలాగూ ఆ మూడోది మీ మావయ్య పెట్టె అందుకుంది కదా."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. అప్పటికే లాగేసిన తీగ సంగతి ఆవిడకి చెప్పలేదు. ఆవిడ రోజూ పడుకోవాల్సిన ఇల్లు అది.

మావయ్యకి మాత్రం చెప్పాను. నందివాడ వచ్చినప్పుడు ఆయన ఆ పెట్టెని మా ఇంట్లోనే పెట్టుకుంటాడు. ఊడిన మారు నాబుని మళ్ళీ బిగించి, రెండుసార్లు అనే దగ్గర ఆపి, కదలకుండా లక్క పోసేసి ఏడేళ్ళయింది. నేను చెప్పిందంతా విని ఆయన భోజనం చేసి పడుకున్నాడు.

పొద్దున్న లేచి చూస్తే ఆ నాబు మీద ఇంకో చుక్క లక్క పడి ఉంది.